శస్త్రచికిత్స కెమెరా కటకాలపై ఆవిరి నివారణ: వేడి అద్దం నుంచి జీవ అనుకూల పూతల దాకా

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- శరీరం లోపలికి పంపిన కటకంపై ఆవిరి ఎందుకు పడుతుందో వివరించగలుగుతారు.
- 1854 నుంచి నేటి వరకు ఈ సమస్యను ఎదుర్కొన్న తీరును కాలక్రమంలో చెప్పగలుగుతారు.
- 'జీవ అనుకూలత' అనే భావన ఎలా రూపొందిందో, ఆవిరి నివారణ పూతలకు అది ఎందుకు తప్పనిసరో తెలుపగలుగుతారు.
- ఒక చిన్న సాంకేతిక ఇబ్బంది చరిత్రకారునికి ఏమి నేర్పుతుందో చర్చించగలుగుతారు.

1. పరిచయం

వైద్యశాస్త్ర చరిత్ర అనగానే మీకు మత్తుమందు, క్రిమిరహిత శస్త్రచికిత్స, ఎక్స్-రే, పెన్సిలిన్ వంటి పెద్ద ఘట్టాలు గుర్తుకు వస్తాయి. గత భాగాలలో వాటిని చదివారు. ఈ భాగంలో మనం ఒక చిన్న విషయాన్ని తీసుకొంటున్నాము. పొట్ట మీద చిన్న రంధ్రాలు చేసి, కెమెరా సాయంతో చేసే ఆపరేషన్‌ను లాపరోస్కోపీ అంటారు. ఆ కెమెరా ముందు ఉండే కటకంపై ఆవిరి పట్టి, కాసేపు ఏమీ కనిపించకుండా పోతుంది. ఆ ఆవిరిని ఎలా వదిలించారన్నదే మన అంశం.

ఇంత చిన్న విషయానికి ఒక భాగమంతా ఎందుకని మీకు అనిపించవచ్చు. పొట్టను పెద్దగా కోసి చేసే ఆపరేషన్‌లో వైద్యునికి రెండు కళ్లూ, చేతి స్పర్శా ఆసరాగా ఉంటాయి. లాపరోస్కోపీలో ఉన్నది ఒక్క కెమెరా కన్నే. ఒక రక్తనాళం తెగి రక్తం చిమ్ముతున్నప్పుడు తెర తెల్లబడితే, ఆ కొద్ది క్షణాలు వైద్యుడు చీకట్లో ఉన్నట్లే. కెమెరాను బయటికి తీసి, తుడిచి, మళ్లీ లోపలికి పంపేలోగా లోపల ఏమి జరుగుతోందో ఎవరికీ తెలియదు. మరోవైపు, ఆవిరి పట్టకుండా కటకానికి పూసే ప్రతి పదార్థమూ రోగి శరీరంలోకి వెళుతుంది. మత్తులో ఉన్న రోగికి ఆ సంగతి తెలియదు, అడిగే వీలు కూడా లేదు. స్పష్టమైన చూపు కావాలి, కాని దానికోసం వాడేది రోగికి హాని చేయకూడదు. ఈ రెండు అవసరాల మధ్య నడిచిన చరిత్ర ఇది.

2. ఆవిరి ఎందుకు పడుతుంది?

అన్నం గిన్నె మూత తీయగానే కళ్లద్దాలు మసకబారడం మీ అనుభవంలో ఉన్నదే. చలికాలం తెల్లవారుజామున బస్సు అద్దాలకు లోపలివైపు ఆవిరి పట్టడం కూడా చూసే ఉంటారు. రెండింటికీ కారణం ఒకటే. గాలిలో నీటి ఆవిరి ఉంటుంది. గాలి చల్లబడుతున్నకొద్దీ అది నిలుపుకోగల ఆవిరి తగ్గుతుంది. ఒక ఉష్ణోగ్రత వద్ద ఆవిరి నీటి బిందువులుగా మారడం మొదలవుతుంది. దానిని తుషార స్థానం అంటారు. ఏదైనా వస్తువు ఉపరితలం తుషార స్థానం కన్నా చల్లగా ఉంటే, దానిపై ఆవిరి సాంద్రీకరణం చెందుతుంది.

ఆపరేషన్ గది ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ ఉంటుంది. పొట్ట లోపల దాదాపు 37 డిగ్రీలు, తేమ కూడా నిండుగా ఉంటుంది. చల్లని కటకం ఒక్కసారిగా ఆ వెచ్చని తేమలోకి వెళ్లగానే దానిపై సన్నని బిందువులు ఏర్పడతాయి. కటకం శరీరమంత వెచ్చబడేవరకు ఆ మసక పోదు. అందుకే కెమెరాను మొదటిసారి లోపలికి పంపినప్పుడూ, మధ్యలో తుడవడానికి బయటికి తీసి మళ్లీ పంపినప్పుడూ ఈ ఇబ్బంది ఎక్కువ.

ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయాన్ని గమనించండి. చూపును అడ్డుకొనేది నీరు కాదు, నీటి ఆకారం. నీరు పల్చని పొరలా సమంగా పరుచుకొంటే దాని గుండా చక్కగా చూడవచ్చు. అదే నీరు వేలాది బిందువులుగా విడిపోతే, ప్రతి బిందువూ వెలుతురును ఒక్కో దిక్కుకు చెదరగొడుతుంది. బిందువు అంచు ఉపరితలంతో చేసే కోణాన్ని స్పర్శకోణం అంటారు. ఇంగ్లండ్‌కు చెందిన థామస్ యంగ్ 1805లో ద్రవాల సంసక్తిపై రాసిన వ్యాసంలో ఈ కోణాన్ని చర్చించాడు. చల్లని అద్దంపై ఊపిరి వదిలితే ఏర్పడే ఆకృతులను గురించి లార్డ్ రేలీ 1911లో 'నేచర్' పత్రికలో రాశాడు. అద్దం శుభ్రంగా ఉన్నచోట నీరు పొరగా పరుచుకొంటుంది, జిడ్డు ఉన్నచోట బిందువులుగా నిలుస్తుంది.

దీని నుంచి ఆవిరి నివారణకు మూడు దారులు కనిపిస్తాయి. ఒకటి, కటకాన్ని ముందే వేడిచేయడం. రెండు, తలతన్యతను తగ్గించే సబ్బు వంటి ద్రావణాన్ని పూయడం. మూడు, నీరు తనంతట తానే పరుచుకొనేలా కటకం ఉపరితలాన్నే మార్చడం. చరిత్రలో ఇవి దాదాపు ఇదే వరుసలో వచ్చాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
తుషార స్థానం అంటే ఏమిటి? నీటి పొర కన్నా నీటి బిందువులు చూపును ఎందుకు ఎక్కువగా అడ్డుకొంటాయి?

3. వేడి అద్దం: ఒక సంగీత గురువు కథ

మన కథలో మొదటి పాత్ర వైద్యుడు కాదు. మాన్యుయెల్ గార్షియా అనే స్పానిష్ గాన గురువు. పాడేటప్పుడు గొంతులోని స్వరతంతువులు ఎలా కదులుతాయో చూడాలన్నది ఆయన కోరిక. 1854లో పారిస్‌లో పళ్ల వైద్యులు వాడే చిన్న అద్దం ఒకటి సంపాదించి, దానిని వేడినీటిలో ముంచి, తుడిచి, గొంతు వెనుక భాగానికి ఆనించాడు. సూర్యకాంతిని మరో అద్దంతో లోపలికి మళ్లించి తన స్వరపేటికను తానే చూసుకొన్నాడు. మరుసటి ఏడాది, 1855లో, ఈ పరిశీలనలు లండన్‌లోని రాయల్ సొసైటీ ముందుకు వచ్చాయి. ఆ తరువాత కొన్నేళ్లకే వియన్నాలో ట్యూర్క్, బుడాపెస్ట్‌లో చెర్మాక్ ఈ అద్దాన్ని వైద్యంలోకి తెచ్చారు.

అద్దాన్ని ఎందుకు వేడిచేయాలి? ఊపిరిలోని ఆవిరి దానిపై పట్టకుండా. ఈ పద్ధతి చెవి, ముక్కు, గొంతు విభాగంలో స్థిరపడిపోయింది. చిన్న అద్దాన్ని స్పిరిట్ దీపంపై వేడిచేసి, రోగి నోట్లో పెట్టేముందు వైద్యుడు తన చేతి వెనుక భాగానికి తాకించి చూసుకొంటాడు. చర్మం ఓర్చుకొంటేనే లోపలికి పంపుతాడు. ఈ చిన్న అలవాటును చరిత్ర విద్యార్థులుగా మీరు జాగ్రత్తగా గమనించాలి. ఆవిరి పోగొట్టే ఉపాయమూ, ఆ ఉపాయం రోగికి హాని చేయదని నిర్ధారించుకొనే పరీక్షా ఇక్కడ ఒకే చేతి కదలికలో ఉన్నాయి. జీవ అనుకూలత అనే మాట పుట్టకముందే దాని సారం ఆచరణలో ఉంది.

4. నీటి నుంచి వాయువులోకి

శరీరంలోకి తొంగిచూసే పరికరాల చరిత్ర ఇంకా పాతది. ఫ్రాంక్‌ఫర్ట్‌కు చెందిన ఫిలిప్ బోజీని 1806లో కొవ్వొత్తి వెలుతురుతో పనిచేసే పరికరాన్ని తయారుచేశాడు. 1853లో పారిస్‌లో దెజోర్మో దీపంతో పనిచేసే ఎండోస్కోపును ప్రదర్శించాడు. జర్మనీకి చెందిన మాక్సిమిలియన్ నిట్జె 1877లో కటకాలున్న సిస్టోస్కోపును చూపించాడు. కాలి ఎర్రబడిన ప్లాటినం తీగ దానికి వెలుగు. ఆ తీగ వేడికి కణజాలం కాలిపోకుండా చుట్టూ చల్లని నీటిని ప్రవహింపజేసేవారు.

నిట్జె పరికరం మూత్రాశయాన్ని చూడడానికి ఉద్దేశించినది. మూత్రాశయాన్ని ద్రవంతో నింపి చూస్తారు. కటకం నీటిలో మునిగి ఉంటే దానిపై బిందువులు ఏర్పడే ప్రశ్నే లేదు. 1901లో గియోర్గ్ కెల్లింగ్ ఇదే రకం పరికరాన్ని కుక్క పొట్టలోకి గాలి నింపి పంపాడు. 1910లో స్టాక్‌హోంకు చెందిన హాన్స్ క్రిస్టియన్ జాకోబియస్ మనుషుల పొట్టను, ఛాతీని ఈ విధంగా పరీక్షించిన అనుభవాన్ని ప్రచురించాడు. చూడవలసిన చోటు నీటి నుంచి వాయువుకు మారింది. ఆ మార్పుతోనే కటకంపై ఆవిరి పట్టేందుకు భౌతిక పరిస్థితులు ఏర్పడ్డాయి. ఒక పరికరం ఒక అవయవం నుంచి మరో అవయవానికి వెళ్లినప్పుడు పాత సమస్యలు కొన్ని పోయి కొత్తవి పుడతాయనడానికి ఇది మంచి ఉదాహరణ.

వెలుతురు విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. చాలాకాలం చిన్న విద్యుత్ బల్బు పరికరం కొనవద్దే ఉండేది. దానివల్ల కణజాలం కాలే ప్రమాదం ఉన్నా, కొన కొంత వెచ్చగా ఉండేది. 1952లో ఫ్రాన్స్‌లో ఫూరెస్టియే బృందం దీపాన్ని శరీరం బయట ఉంచి, క్వార్ట్జ్ కడ్డీ ద్వారా వెలుతురును లోపలికి పంపింది. తరువాత గాజు తంతువులు ఆ పనిచేశాయి. దీపం బయటికి రావడం రోగికి మేలే. కాని కటకాన్ని వెచ్చగా ఉంచే ఆధారం కూడా దానితో దూరమైంది. ఇదే కాలంలో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త హెరాల్డ్ హాప్కిన్స్ గొట్టంలోని గాలి ఖాళీల స్థానంలో పొడవైన గాజు కడ్డీలను అమర్చే కటక వ్యవస్థను రూపొందించాడు. దానికి 1959లో పేటెంటు కోరాడు. 1960లలో జర్మన్ తయారీదారు కార్ల్ స్టోర్జ్ దానిని పరికరంగా మలిచాడు. దృశ్యం ఎన్నో రెట్లు ప్రకాశవంతమైంది. చూపు ఎంత స్పష్టమైతే దానిపై పడే మసక అంత ఎక్కువగా కనిపిస్తుంది.

5. చూపు తెరపైకి వచ్చిన కాలం

1980లో జర్మనీలోని కీల్‌లో కుర్ట్ జెమ్ లాపరోస్కోపీ ద్వారా అపెండిక్స్‌ను తొలగించాడు. 1985లో అదే దేశంలో ఎరిక్ మ్యూహె పిత్తాశయాన్ని ఈ విధంగా తీశాడు. 1987లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఫిలిప్ మూరే కూడా ఆ పని చేశాడు. మన దేశంలో ముంబయి శస్త్రవైద్యుడు తెహెంతన్ ఉద్వాడియా 1972 నుంచే రోగ నిర్ధారణకు లాపరోస్కోపీని వాడుతూ, 1990లో పిత్తాశయాన్ని తొలగించే మొదటి లాపరోస్కోపీ ఆపరేషన్ చేశారు. వనరులు తక్కువగా ఉన్న దేశాలలోనూ ఈ పద్ధతి సాధ్యమని ఆయన వాదించారు.

ఇదే దశకంలో సీసీడీ చిప్ ఉన్న చిన్న వీడియో కెమెరా ఈ పరికరానికి తోడైంది. అంతకుముందు వైద్యుడు ఒక్కడే కన్ను ఆనించి చూసేవాడు. ఇప్పుడు గదిలోని అందరూ తెరపై చూస్తున్నారు. కెమెరాను పట్టుకొనేది సహాయకుడు, కోసేది వైద్యుడు. ఆవిరి పట్టిందంటే ఇప్పుడు జట్టు మొత్తం పని ఆగుతుంది.

1990ల తొలి సంవత్సరాలలో ఈ ఆపరేషన్ వేగంగా వ్యాపించినప్పుడు పిత్తవాహిక పొరపాటున తెగిన సంఘటనలు పాత పద్ధతిలోకన్నా పెరిగాయి. వాటిని ఆవిరికి ఆపాదించడం సరికాదు. ఒక నాళాన్ని చూసి మరొకటి అనుకోవడం ప్రధాన కారణమని తరువాతి పరిశీలనలు తేల్చాయి. దేనినైనా కత్తిరించే ముందు నిర్మాణాలను స్పష్టంగా చూసి నిర్ధారించుకోవాలనే నియమాన్ని 1995లో అమెరికాకు చెందిన స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ సూత్రీకరించాడు. ఈ పాఠంతో శస్త్రచికిత్సలో స్పష్టమైన దృశ్యం సౌకర్యం స్థాయి నుంచి భద్రతా నియమం స్థాయికి చేరింది.

ఆపరేషన్ గదులలో వాడుకలోకి వచ్చిన ఉపాయాలు చాలావరకు సామాన్యమైనవి. వేడి సెలైన్ నింపిన ఫ్లాస్కులో కెమెరా కొనను ముంచి ఉంచడం, పోవిడోన్ అయొడిన్‌తో తుడవడం, లోపలే కాలేయం ఉపరితలానికో పేగు పైపొరకో సున్నితంగా తాకించి మసక వదిలించడం వంటివి. వీటితోపాటు ఆల్కహాలు, తలతన్యతను తగ్గించే పదార్థం కలిపిన ద్రావణాలు చిన్న స్పాంజితో సహా మార్కెట్లోకి వచ్చాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
మూత్రాశయ పరీక్షలో లేని ఆవిరి సమస్య పొట్ట పరీక్షలో ఎందుకు వచ్చింది? దీపం శరీరం బయటికి రావడం వల్ల కలిగిన మేలు, ఇబ్బంది ఏవి?

6. రోదసి నుంచి ఒక హెచ్చరిక

ఆవిరి నివారణ ద్రావణాల చరిత్రలో బాగా నమోదైన అధ్యాయం వైద్యానికి వెలుపల ఉంది. 1966 జూన్ 5న జెమిని 9ఎ నౌక నుంచి బయటికి వచ్చిన అమెరికన్ వ్యోమగామి యూజీన్ సెర్నన్ రెండు గంటలకు పైగా శూన్యంలో శ్రమించాడు. ఆయన చెమటను, ఊపిరిలోని తేమను దుస్తుల శీతలీకరణ వ్యవస్థ తట్టుకోలేకపోయింది. శిరస్త్రాణం అద్దం లోపలివైపు మసకబారి దారి కనిపించలేదు. ముక్కుతో రుద్ది చిన్న సందు చేసుకొని చూడవలసి వచ్చింది. ఆ తరువాతి యాత్రలలో అద్దానికి ఆవిరి నివారణ ద్రావణాన్ని పూయడం మొదలైంది. ద్రవ డిటర్జెంట్, అయాన్లు తొలగించిన నీరు, ఆక్సిజన్‌లో మంట అంటుకోని నూనె కలిపి నాసా తయారుచేసిన మిశ్రమం తరువాత సామాన్య వాడకంలోకీ వచ్చింది.

కథ అక్కడితో ముగియలేదు. 2001 ఏప్రిల్‌లో కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ రోదసిలో పనిచేస్తుండగా ఆవిరి నివారణ ద్రావణం కంటిలో పడింది. కన్ను మండి నీళ్లు కారాయి. భార రహిత స్థితిలో కన్నీరు కిందికి జారదు కనుక రెండో కంటికీ వ్యాపించి, కొంతసేపు ఆయనకు ఏమీ కనిపించలేదు. చూపును కాపాడవలసిన పదార్థమే చూపును పోగొట్టింది. ఉపరితలానికి మేలు చేసేది శరీరానికి మేలు చేయాలని లేదు. ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చదివితే జీవ అనుకూలత ఎందుకు అవసరమో వేరే వివరణ అక్కరలేదు.

7. జీవ అనుకూలత: భావన, నియమం

శరీరం పరాయి పదార్థాన్ని ఎలా స్వీకరిస్తుందన్న ప్రశ్నకు రెండో ప్రపంచయుద్ధం అనుకోని జవాబు ఇచ్చింది. విమానాల పారదర్శక కప్పులు పగిలినప్పుడు ఆ ప్లాస్టిక్ ముక్కలు బ్రిటిష్ వైమానికుల కళ్లలో గుచ్చుకొన్నాయి. ఆ ముక్కలు కంటిలో ఉన్నా పెద్దగా వాపు రాలేదని నేత్రవైద్యుడు హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. 1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆయన అదే రకం ప్లాస్టిక్‌తో చేసిన కటకాన్ని రోగి కంటిలో అమర్చాడు. నేడు మన ఊళ్లలో శుక్లాల ఆపరేషన్‌లో పెట్టే కటకాలకు మూలం ఇదే.

రెండో మలుపు ప్రాగ్‌లో వచ్చింది. ఒట్టో విచ్టెర్లె, ద్రహోస్లావ్ లిమ్ 1960లో నీటిని పీల్చుకొని మెత్తబడే జెల్‌లను గురించి 'నేచర్'లో ప్రకటించారు. మెత్తని కాంటాక్టు లెన్సులు వాటి నుంచే వచ్చాయి. నీటిని ఇష్టపడే జలాకర్షక పాలిమర్ శరీరానికి నెప్పి కలిగించకుండా, పారదర్శకంగా ఉండగలదని తేలింది. ఆవిరి నివారణ పూతకు కావలసినవీ ఈ లక్షణాలే.

1980లలో ఈ భావనకు నిర్వచనం స్థిరపడింది. దాని సారాంశమేమిటంటే, ఒక పదార్థం దానంతట అది 'సురక్షితం' కాదు. ఒక నిర్దిష్టమైన వాడకంలో శరీరం నుంచి తగిన ప్రతిస్పందన పొందితేనే అది అనుకూలం. చర్మంపై హాని చేయని సబ్బు కంటిలో మండవచ్చు. పొట్ట లోపలి పొరకు చిరాకు కలిగించవచ్చు. 1990లలో వెలువడుతూ వచ్చిన ఐఎస్ఓ 10993 ప్రమాణాల శ్రేణి దీనినే పరీక్షలుగా మార్చింది. పదార్థం కణాలను చంపుతుందా, కణజాలానికి మంట పుట్టిస్తుందా, అలర్జీ తెస్తుందా అన్నవి అందులో మౌలికమైనవి. శరీరంతో స్పర్శ ఎంతసేపన్నదాన్ని బట్టి కూడా పరీక్షలు మారతాయి. భారతదేశంలో వైద్య పరికరాల నియమాలు 2017లో వచ్చి, 2018 జనవరి 1 నుంచి అమలయ్యాయి. అవి పరికరాలను ప్రమాద స్థాయిని బట్టి వర్గీకరిస్తాయి. గార్షియా తరం చేతి వెనుక భాగంపై చేసిన పరీక్ష ఇప్పుడు ప్రయోగశాలకు, చట్టానికి చేరింది.

8. ఉపరితలాన్నే మార్చిన పూతలు

ద్రావణాలతో ఉన్న లోపం అవి కడిగినకొద్దీ పోవడం. అందుకే శాస్త్రవేత్తలు ఉపరితలంలోనే మార్పు కోరారు. 1997లో జపాన్‌లో అకిరా ఫుజిషిమా సహా ఒక బృందం టైటానియం డయాక్సైడ్ పొరపై అతినీలలోహిత కాంతి పడితే నీటి స్పర్శకోణం దాదాపు సున్నాకు తగ్గుతుందని ప్రకటించింది. అయితే పొట్ట లోపల అటువంటి కాంతి ఉండదు. 2005లో అమెరికాలోని ఎంఐటీలో మైకేల్ రూబ్నర్, రాబర్ట్ కోహెన్ బృందం సిలికా నానోకణాలను, పాలిమర్‌ను పొరలు పొరలుగా పేర్చి, కాంతి అవసరం లేకుండానే నీటిని పరిచే పూతను చూపింది.

ఆపరేషన్ గదిలో మరో శత్రువు ఉంది. కటకంపై ఆవిరే కాక రక్తం, కొవ్వు, కాటరీ పొగ కూడా పడతాయి. రక్తంలోని ప్రోటీన్లు అంటుకొంటే జలాకర్షక పూత తన గుణాన్ని కోల్పోతుంది. 1990లో జపాన్‌కు చెందిన కజుహికో ఇషిహార బృందం కణత్వచాన్ని అనుకరించే ఫాస్ఫోరైల్‌కోలిన్ పాలిమర్లను వివరించింది. ప్రోటీన్లు వీటికి అంతగా అంటుకోవు. హార్వర్డ్‌కు చెందిన జొవానా ఐజెన్‌బర్గ్ బృందం దీనికి భిన్నమైన దారి పట్టింది. సన్నని రంధ్రాలున్న పారదర్శక పొరలో నూనెను నిలిపి, దానిపై ఏ ద్రవం పడినా జారిపోయేలా చేసింది. 2016లో ఆ పూతను ఎండోస్కోపు కటకానికి వేసి, పంది ఊపిరితిత్తులలో పరీక్షించిన ఫలితాలను ప్రకటించింది.

ఇన్ని పూతలు వచ్చినా ప్రతి దానికీ నాలుగు పరీక్షలు ఉన్నాయి. వెలుతురును పూర్తిగా పోనివ్వాలి. ఊడి శరీరంలో పడకూడదు. కణజాలానికి హాని చేయకూడదు. 121 లేదా 134 డిగ్రీల ఆటోక్లేవ్ ఆవిరిని పదేపదే తట్టుకోవాలి. ప్రయోగశాలలో మెరిసిన పూతలు చాలావరకు చివరి పరీక్ష దగ్గర కష్టపడతాయి. ఈ కారణంగానే కొనలో సన్నని విద్యుత్ తాపకాన్ని అమర్చిన కెమెరాలు కూడా వచ్చాయి. అంటే 1854 నాటి ఉపాయమే కొత్త రూపంలో తిరిగివచ్చింది.

9. చరిత్రకారుని దృష్టి

నేను పాఠం చెప్పే రోజుల్లో విద్యార్థులు తరచుగా ఒక ప్రశ్న వేసేవారు: కొత్తది వచ్చాక పాతది పోతుంది కదా, ఇక పాతదాని చరిత్ర దేనికి? ఈ భాగం దానికి ఒక జవాబు. నానోకణాల పూతల కాలంలోనూ వేడి సెలైన్ ఫ్లాస్కు పోలేదు. వివిధ పద్ధతులను పోల్చిన పరిశీలనల్లోనూ అది మంచి ఫలితమిచ్చే పద్ధతిగా నిలిచింది. ఖర్చు తక్కువ, శరీరంలో మిగిలే పదార్థం ఏదీ లేదు. ఒక జిల్లా ఆసుపత్రి శస్త్రవైద్యునికి ఈ రెండూ ముఖ్యమే. సాంకేతిక చరిత్రను కొత్త ఆవిష్కరణల వరుసగా మాత్రమే రాస్తే ఈ ఫ్లాస్కు అందులో కనిపించదు. దానిని ప్రతి ఉదయం నింపి, వేడి సరిచూసి అందించే నర్సు కూడా కనిపించదు.

అలాగని పూతల పరిశోధన వృథా అనుకోకండి. వేడి నీరు ఆవిరిని ఆపగలదు కాని, రక్తాన్ని, కొవ్వును ఆపలేదు. కెమెరాను బయటికి తీసిన ప్రతిసారీ ఆపరేషన్ ఆగుతుంది. ఆ విరామాలను తగ్గించగల, రోగికి నిరపాయమైన, ఆటోక్లేవ్‌కు నిలిచే, సామాన్య ఆసుపత్రి కొనగల పూత కోసం అన్వేషణ సాగుతూనే ఉంది. ఇకముందు ఒక కొత్త పూత గురించి చదివినప్పుడు అది ఎంత స్పష్టంగా చూపిస్తుందన్న ప్రశ్నతో ఆగకండి. అది ఎవరి శరీరంలోకి వెళుతుంది, దానిని ఎవరు పరీక్షించారు, ఎవరికి అందుబాటులో ఉంటుంది అన్న ప్రశ్నలు కూడా వేయండి.

10. సారాంశం

చల్లని కటకం వెచ్చని తేమలోకి వెళ్లినప్పుడు ఆవిరి బిందువులుగా మారి చూపును అడ్డుకొంటుంది. 1854లో గార్షియా అద్దాన్ని వేడిచేసి దీనిని దాటాడు. పరీక్ష ద్రవంతో నిండిన మూత్రాశయం నుంచి వాయువుతో నిండిన పొట్టకు మారడం, దీపం బయటికి రావడం, వీడియో కెమెరా చేరడం అనే మూడు మార్పులు సమస్యను ముందుకు తెచ్చాయి. సెర్నన్, హాడ్‌ఫీల్డ్ అనుభవాలు ఆవిరి నివారణకూ శరీర భద్రతకూ ఉన్న సంబంధాన్ని చూపాయి. రిడ్లీ, విచ్టెర్లె కృషి జీవ అనుకూలత భావనకు పునాది వేసింది. నేటి పూతలు నీటిని పరచడం, ప్రోటీన్లను దూరంగా ఉంచడం, ద్రవాలను జారవిడవడం అనే మూడు సూత్రాలపై పనిచేస్తాయి.

11. మాదిరి పరీక్షా ప్రశ్నలు

అ) ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శస్త్రచికిత్స కటకాలపై ఆవిరి నివారణ పద్ధతుల వికాసాన్ని కాలక్రమంలో వివరించండి.
2. జీవ అనుకూలత భావన ఎలా రూపొందింది? ఆవిరి నివారణ పూతలకు దానిని అన్వయించండి.

ఆ) ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గొంతు అద్దాన్ని చేతి వెనుక భాగానికి తాకించి చూడడంలోని ప్రాధాన్యం ఏమిటి?
2. 1966, 2001 రోదసి సంఘటనలను పోల్చండి.
3. కొత్త పూతలు వచ్చినా వేడి సెలైన్ పద్ధతి ఎందుకు నిలిచి ఉంది?